బొంబాయి మీద అలిగిన పాట

జాతీయగీతం వినిపిస్తే లేచి నిలబడతాం. అది మర్యాద. కాని ఒక వూరు తనంతట తాను మనసుపడి తెచ్చుకున్న పాట వినిపిస్తే మాత్రం ఆ వూరివాళ్లు లేవరు. కూర్చున్నచోటే కూర్చుని, బల్లమీద వేళ్లతో తాళం వేసి, పక్కవాడి వంక చూసి ఓ నవ్వు నవ్వుతారు. "మన బాధ వీడికెలా తెలిసిందోయ్!" అన్న అర్థం వుంటుంది ఆ నవ్వులో.

బొంబాయి నగరానికి అటువంటి పాట ఒకటుంది. ఏ ప్రభుత్వమూ దాన్ని ప్రకటించలేదు. ఏ కార్పొరేషనూ సభచేసి, తీర్మానించి, ఆమోదించలేదు. బడిలో ప్రార్థనవేళ పిల్లలచేత పాడించేదీ కాదు. అయినా బొంబాయి మాట వస్తే చాలు, హిందీ ముక్క రానివాళ్ల నాలుకమీద కూడా ముందు కదిలేది ఆ పాటే. 1956లో విడుదలైన 'సి.ఐ.డి.' అనే హిందీ చిత్రంలోది. పేరు 'ఏ దిల్ హై ముష్కిల్'. పాడినవారు మహమ్మద్ రఫీ, గీతాదత్.

ఇందులో తమాషా ఏమిటంటే, ఆ పాట బొంబాయిని పొగడదు. తిడుతుంది. మొదటినుంచీ చివరిదాకా అన్నంత పనిగా తిడుతుంది. పెళ్లివారింటికి వచ్చి పెళ్లికొడుకును ఆడిపోసుకున్నవాడికే పీటవేసి, వడ్డించి, తాంబూలమిచ్చి పంపినట్టు, బొంబాయివాళ్లు తమ వూరిని తిట్టిన పాటనే నెత్తిన పెట్టుకున్నారు. ఎందుకని? ఆ కథే ఇది.

పాటలో ఏముంది?

సినిమాలో ఈ పాట కథానాయకుడిది కాదు. కథానాయకుడు దేవానంద్ పోలీసు అధికారి. నేరస్తుల్ని వెతికేపనిలో వుంటాడు. పాట దక్కింది జేబుదొంగ వేషం వేసిన హాస్యనటుడు జానీవాకర్‌కు. పక్కన కుంకుమ్ అనే నటి. జేబుదొంగ నోట నీతులా అని మీరు నవ్వవచ్చు. కాని వూరి గుట్టు జేబుదొంగకు తెలిసినంతగా మేయరుకు తెలుస్తుందా?

ఇంతకూ అతగాడి ఫిర్యాదు ఏమిటి? ఈ వూళ్లో బతకడం కష్టమంటాడు. మేడలున్నాయి, ట్రాములున్నాయి, మోటార్లున్నాయి, మిల్లులున్నాయి, లేనిదల్లా మనసున్న మనిషేనంటాడు. పేకాట, జూదం, గుర్రప్పందేలు, దొంగతనం, అన్నీ వున్నాయి. పనిలేనివాడికి ఇన్ని పనులున్న వూరు మరొకటి లేదని దెప్పుతాడు. నిలువనీడ లేని పేదవాణ్ణి దేశదిమ్మరి అని తరిమేస్తారు, పదిమంది గొంతులు కోసేవాడు మాత్రం దానికి వ్యాపారమని పేరు పెట్టుకుంటాడు అని చురక వేస్తాడు. నవ్వుతూ అన్నాడు గనుక సరిపోయింది గాని, నిజానికి ఇది నవ్వేమాట కాదు.

పాట అక్కడితో ఆగివుంటే బహుశా నాలుగు వారాలు ఆడి మరుగునపడేది. కాని చివర్లో ఆడగొంతు అందుకుంటుంది. లోకమంతా చెడ్డదని ఏడవకు, అంత అమాయకుడివి కాకు, చేసినవాడికి చేసినంత ముడుతుంది అని మందలిస్తుంది. ఆ తర్వాత, ఇంతసేపూ అతగాడు కష్టం కష్టమని పాడిన పల్లవినే తీసుకుని, ఒక్కమాట మార్చి, ఇక్కడ బతకడం సులువేనని ముగిస్తుంది!

గమనించారా? పాటలో వున్నది ఒక అభిప్రాయం కాదు, రెండు. మగవాడి విసుగు, ఆడదాని జవాబు. ప్రతి మధ్యతరగతి ఇంట్లోనూ నెల చివర్లో జరిగే సంభాషణే అది. కాకపోతే వరసకట్టి, తాళంవేసి, వీధిలో పాడారు.

ఇంకొక చమత్కారం. పల్లవిలో ఎదుటివాణ్ణి పిలిచే తీరు చూడండి. ఇంగ్లీషు 'మిస్టర్' వుంది. సంస్కృతం 'బంధు' వుంది. పారసీనుంచి వచ్చిన 'జాన్' వుంది. కోటు తొడుక్కున్నవాడూ, ధోవతి కట్టినవాడూ, షేర్వాణీ వేసినవాడూ, ముగ్గురూ "నన్నే పిలిచాడు" అనుకుని తిరిగిచూస్తారు. బొంబాయి లోకల్ రైలుపెట్టెలో వినబడే భాష అదే గదా!

పరాయివాళ్లు కట్టిన పాట

ఈ పాట వెనుక వున్నవాళ్లెవరా అని విచారిస్తే ఒక ఆశ్చర్యం కనిపిస్తుంది. వారిలో బొంబాయిలో పుట్టినవాడు దొరకడం కష్టం.

పాట రాసిన మజ్రూహ్ సుల్తాన్‌పురీ పేరులోనే వుంది సొంతవూరు: ఉత్తరప్రదేశ్‌లోని సుల్తాన్‌పూర్. యునానీ వైద్యం నేర్చిన మనిషి. 1945లో ముషాయిరాలో కవిత చదవడానికి బొంబాయి వచ్చి, సినిమాలకు చిక్కి, అక్కడే వుండిపోయాడు. అభ్యుదయకవి. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో నెహ్రూను ఘాటుగా విమర్శిస్తూ కవిత చదివినందుకు జైలుకు వెళ్లవలసి వచ్చింది. క్షమాపణ చెప్పుకుంటే వదిలేస్తామన్నా చెప్పుకోలేదు. దోపిడీకి వ్యాపారమని పేరుపెట్టడం గురించిన చురక అటువంటి కలంనుంచి వచ్చిందంటే వింత ఏముంది? 1993 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందిన ఈయనే ఆ గౌరవం అందుకున్న మొదటి సినీగేయ రచయిత.

సంగీతం కట్టిన ఓ.పి. నయ్యర్ లాహోరులో పుట్టినవాడు. బొంబాయిలో మొదట చేసిన రెండుమూడు చిత్రాలు దెబ్బతిన్నాయి. ఇక లాభంలేదని మూటాముల్లె సర్దుకుని, రావలసిన బాకీ వసూలు చేసుకుపోదామని గురుదత్ దగ్గరకు వెళితే, గురుదత్ బాకీకి బదులు 'ఆర్ పార్' అనే చిత్రం చేతిలో పెట్టాడని కథగా చెబుతారు. 1954లో వచ్చిన ఆ చిత్రంతోనే నయ్యర్ నిలదొక్కుకున్నాడు. మరో రెండేళ్లకు ఈ పాట చేశాడు. బొంబాయిలో బతకడం కష్టమన్న పల్లవికి వరస కట్టడానికి అంతకన్న తగినవాడు ఎవరు?

ఇక జానీవాకర్. అసలు పేరు బద్రుద్దీన్ జమాలుద్దీన్ కాజీ. ఇండోరునుంచి పొట్టచేతబట్టుకుని వచ్చిన కుటుంబం. బొంబాయిలో బెస్ట్ బస్సు కండక్టరుగా పనిచేశాడు. ప్రయాణికులను నవ్విస్తూ టిక్కెట్లు కొట్టేవాడట. ఆ తీరు బలరాజ్ సాహ్నీ కంటబడింది. ఆయన గురుదత్ దగ్గరకు పంపాడు. తాగుబోతుగా నటించి చూపితే, గురుదత్ మెచ్చి విస్కీ పేరే పెట్టాడు. ఆ పేరు మోసిన మనిషి మాత్రం మద్యం ముట్టలేదంటారు. బొంబాయి వీధులు, ఆ ట్రాములు, ఆ మోటార్లు ఎలాంటివో కండక్టరుకు ఎవరైనా చెప్పాలా?

రఫీ పంజాబు పల్లెనుంచి 1944లో వచ్చి భిండీబజారు ఇరుకుగదిలో కాలక్షేపం చేసినవాడు. గీతాదత్ తూర్పు బెంగాలులోని ఫరీద్‌పూర్‌నుంచి కుటుంబంతో వచ్చిన పిల్ల. చిత్రనిర్మాత గురుదత్ పుట్టింది బెంగుళూరులో. దర్శకుడు రాజ్ ఖోస్లాది పంజాబు.

వీళ్లంతా బొంబాయికి బతుకుతెరువుకోసం వచ్చినవాళ్లే. ఒక్కొక్కరినీ ఆ వూరు ముందు ఏడిపించి, ఆ తర్వాతే అన్నం పెట్టింది. కాబట్టి వాళ్ల తిట్టు దూరంనుంచి విసిరిన రాయి కాదు. లోపల కాపురం చేస్తున్నవాడి సణుగుడు. వినేవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది.

బంగారుగని కూతురు

మరి వరస? అదీ పరదేశిదే. అమెరికాలో 'ఓ మై డార్లింగ్ క్లెమెంటైన్' అని ఒక పాత జానపదగీతం వుంది. 1849లో కాలిఫోర్నియాలో బంగారం దొరుకుతోందని విని లోకం నలుమూలలనుంచీ జనం పరుగెత్తారు. అటువంటి ఒక గనిపనివాడి కూతురు క్లెమెంటైన్. నీళ్లలో పడి చనిపోతుంది. విషాదాన్నే హాస్యంగా పాడుకునే పాట. మన కాన్వెంటు బళ్లలో పిల్లలకు నేర్పేవారు. నయ్యర్ తన పల్లవికి మూలం అక్కడనుంచి తీసుకున్నాడు.

అనుకుని చేశాడో, అనుకోకుండా కుదిరిందో గాని, ఎంత చక్కగా అతికిందో చూడండి. బంగారం కోసం ఇల్లూవాకిలీ వదిలి వచ్చి, దుమ్ములో మిగిలిపోయిన మనుషుల పాట అది. ఇదీ అంతేగదా! అక్కడ గనులు, ఇక్కడ మిల్లులు.

ఇలా వరసలు వూళ్లు దాటిపోవడం తెలుగువారికి కొత్తకాదు. 1955లో వచ్చిన మన 'రోజులు మారాయి' చిత్రంలో 'ఏరువాక సాగారో' పాటకు నర్తించిన అమ్మాయి వహీదా రెహమాన్. ఆ చిత్రవిజయం సందడిలోనే హైదరాబాదులో ఆమె గురుదత్ కంటబడింది. ఆమె మొదటి హిందీ చిత్రం ఏదనుకున్నారు? ఈ 'సి.ఐ.డి.'యే. మన ఏరువాక వరసను కూడా సచిన్‌దేవ్ బర్మన్ 1960లో 'బంబయీ కా బాబూ' చిత్రానికి తీసుకుపోయాడు. దుక్కిపాట బొంబాయి బాబు ఇంటికి కాపురానికి పోయిందన్నమాట. దానికి బదులుగా కాబోలు, 1989లో వచ్చిన 'నీరాజనం' అనే తెలుగు చిత్రానికి నయ్యరే వచ్చి సంగీతం సమకూర్చాడు.

బుధవారం రాత్రి 8 గంటలకు

మంచిపాట కట్టడం ఒక ఎత్తు. అది ఇంటింటికీ చేరడం మరో ఎత్తు. ఈ పాటను చేర్చింది రేడియో. అదీ మన రేడియో కాదు, సిలోన్ రేడియో.

1952లో కేంద్రంలో సమాచార, ప్రసార శాఖ చేపట్టిన బి.వి. కేస్కర్‌కు శాస్త్రీయసంగీతమంటే ప్రాణం, సినిమాపాటలంటే తలనొప్పి. ఆయన హయాంలో ఆకాశవాణిలో సినిమాపాట మూలకు ఒదిగిపోయింది. జనం వూరుకుంటారా? ముల్లు తిప్పి కొలంబో పట్టుకున్నారు. సరిగ్గా ఆ 1952 చివర్లోనే సిలోన్ రేడియోలో 'బినాకా గీత్‌మాలా' ఆరంభమైంది. టూత్‌పేస్టు వ్యాపారం చేసేవాళ్ల కార్యక్రమం. నడిపినవాడు అమీన్ సయానీ. బుధవారం రాత్రి 8 గంటలు కొట్టేసరికి, రేడియో వున్న ఇంటి అరుగుమీదికి వీధంతా వచ్చి చేరేది. గాలిలో కీచుమనే శబ్దాల మధ్య ఈ వారం ఏ పాట ఎన్నో మెట్టు మీద వుందో వినడానికి పెద్దలుకూడా పీట జరుపుకునేవారు.

1956 సంవత్సరాంతపు జాబితాలో మొదటిమెట్టు ఎక్కింది ఈ పాటే. అంటే బొంబాయిని ఎన్నడూ చూడని మనిషి కూడా, రైలెక్కకముందే ఆ వూరు ఎలాంటిదో రఫీ గొంతులో విన్నాడు. మేడలు ఎదురుచూసుకుని వెళ్లాడు. మనసులేని మనుషులనూ ఎదురుచూసుకునే వెళ్లాడు. వూరే పాటను అచ్చుపోసిందా, పాటే వూరిని అచ్చుపోసిందా అని చెప్పడం కష్టమైపోయింది. 1957 అక్టోబరులో ఆకాశవాణి 'వివిధభారతి'ని తెరిచి సినిమాపాటకు మళ్లీ తలుపు తీసింది గాని, అప్పటికే ఈ పాట జనం సొత్తయిపోయింది.

బొంబాయి ఎవరిది?

ఆ 1956 బొంబాయికి సామాన్య సంవత్సరం కాదు. భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడుతున్న రోజులు. బొంబాయి ఎవరిది అన్నది ప్రశ్న. జనంలో ఎక్కువపాలు, మిల్లులలో చెమటోడ్చేది మరాఠీవారు. వ్యాపారంలో గుజరాతీల, పార్సీల, మార్వాడీల పెట్టుబడి. నగరాన్ని విడదీసి కేంద్రపాలనలో వుంచుతామని జనవరిలో ప్రకటన వచ్చేసరికి వూరు భగ్గుమంది. కాల్పులలో ప్రాణాలు పోయాయి. సంయుక్త మహారాష్ట్ర వుద్యమంలో మొత్తం మీద వందమందికి పైగా బలయ్యారు. ఫ్లోరా ఫౌంటెన్ వున్న కూడలికి వారి జ్ఞాపకంగానే హుతాత్మా చౌక్ అని పేరు వచ్చింది. చివరకు 1960 మే 1న బొంబాయి రాజధానిగా మహారాష్ట్ర ఏర్పడింది.

"మద్రాసు మనదే" అని నినదించి, 1953లో ఆ నగరాన్ని వదులుకుని వచ్చిన తెలుగువారికి, ఒక పట్నం ఎవరిదన్న తగవులో ఎంత నిప్పు వుంటుందో ఒకరు చెప్పనక్కరలేదు.

ఆ నిప్పు రాజుకుంటున్న ఏడాదే ఈ పాట బయటికి వచ్చింది. అందులో ఏ భాషవాడిదీ ప్రస్తావన లేదు. కాని పల్లవి చివర ఆ నగరాన్ని "ప్రాణమా" అన్నంత చనువుగా చెప్పే తీరులో ఒక జవాబు దాగివుంది. వూరు ఎవరిదంటే, దాంతో అవస్థపడుతూ కూడా దాన్ని వదలలేనివాడిది. మరాఠీ కార్మికుడూ ఆ మాట అనగలడు, నిన్ననే రైలు దిగిన భయ్యా కూడా అనగలడు.

నిజానికి ఈ మాట ముందే అన్నవారున్నారు. మిల్లుపేటల్లో డప్పుపట్టి పాడిన అణ్ణాభావూ సాఠే తన మరాఠీ లావణిలో మలబారుహిల్ మేడలనూ, పక్కనే వున్న పేదల గుడిసెలనూ ఎదురెదురుగా నిలబెట్టి కడిగేశాడు. ఆయన పాటలో వాడి ఎక్కువ. మజ్రూహ్ చేసిందల్లా ఆ కుంకుడుకాయ పులుసుకే కాస్త నురగ తెప్పించడం. అందువల్ల మలబారుహిల్ మేడలలో కూడా దాన్ని ఈలవేసుకున్నారు.

మనవాళ్ల బొంబాయి

మన తెలంగాణపల్లెలలో 'బొంబాయి పోయిండు' అన్న మాట ఎంత పాతదో! పంతొమ్మిదో శతాబ్దంలో బొంబాయి కట్టడాలకు రాళ్లు మోసి, సున్నం కలిపినవారిలో నిజాం రాజ్యంనుంచి వెళ్లిన కామాఠీలు ఎందరో వున్నారు. వారున్న పేటకే కామాఠిపురా అన్న పేరు మిగిలింది. ఆ పేటకు తర్వాత వచ్చిన పేరు వేరు గాని, పుట్టుక మాత్రం మన కూలీలది. ఆ తర్వాత కరీంనగరం, నల్లగొండ, వరంగల్లు ప్రాంతాల పద్మశాలీలు మగ్గాలు మూలబడి మిల్లులకు వెళ్లారు. పాలమూరు కూలీలు వెళ్లారు. దాదర్‌లో ఆంధ్రమహాసభ వెలసింది. కార్పొరేషను తెలుగుబళ్లు నడిపింది.

అటువంటి ఒక కుటుంబాన్ని వూహించుకోండి. పది అడుగుల చాల్ గది. నీళ్లకోసం తెల్లవారుజామున వరస. మిల్లునుంచి వచ్చిన మనిషి చొక్కావిప్పి కొక్కేనికి తగిలిస్తూ అంటాడు:

"ఇగ ఈ పట్నంల మనతోని కాదే. ఊరికి పోదమా?"

ఆమె పొయ్యిమీది రొట్టె తిప్పుతూ తల ఎత్తదు. "పోయి ఏం జేస్తం? పోరని సదువు కానియ్యి, గప్పుడు జూద్దం."

మర్నాడు పొద్దున్న భోంగా కూసేసరికి అతను మిల్లులో వుంటాడు. ఆమె అన్న 'గప్పుడు' ఎన్నడూ రాదు. పాటలో జానీవాకర్ సణుగుడూ, ఆ అమ్మాయి జవాబూ ఇదే గదా! సినిమావాళ్లు కల్పించలేదు. ఆ వూళ్లో గదిగదికీ జరుగుతున్నదే తీసి తెరమీద పెట్టారు.

పాటలోని సరుకు పోయింది

పాటలో చెప్పిన బొంబాయి ఇప్పుడు లేదు. ట్రాములు 1964 మార్చి 31 రాత్రితో ఆగిపోయాయి. విక్టోరియా గుర్రబ్బళ్లు చట్టవిరుద్ధమని 2015లో హైకోర్టు తీర్పు చెప్పింది.

మిల్లుల కథ మరీ దుఃఖం. 1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వాన సుమారు రెండున్నర లక్షలమంది కార్మికులు సమ్మెకు దిగారు. ఆ సమ్మె విరమించినట్టు ఎవరూ ప్రకటించనేలేదు. అది అలా సాగిసాగి నీరుగారిపోయింది. మిల్లులు ఒక్కొక్కటే మూతబడ్డాయి. వేలాది కుటుంబాలు వీధినపడ్డాయి. వాటిలో మన తెలుగు కుటుంబాలూ వున్నాయి. పొగగొట్టాలున్న చోట అద్దాల మేడలూ, పెద్దపెద్ద అంగళ్లూ లేచాయి. నూలుధూళి పీల్చిన మనిషి మనవడు అదే స్థలంలో చల్లని గదిలో కూర్చుని అమ్మకాలు చేస్తున్నాడు. అతనికి కూడా గది అద్దె కట్టడం కష్టంగానే వుంది.

చివరకు పేరే పోయింది. 1995లో బొంబాయి ముంబయి అయింది. అది మరాఠీవారు మొదటినుంచీ పిలుచుకునే పేరే. వారు కోరుకోవడంలో న్యాయం వుంది. కాని పాత పేరుతో వున్న పాట సంగతి? ఏమీ కాలేదు. పాడేటప్పుడు పాత పేరుతోనే పాడతారు. సినిమాల పేర్లకు మాత్రం కొత్త పేరు పెట్టి ఆ పల్లవినే వాడుకున్నారు. పాట మొదటి మాటలు 2016లో మరో హిందీ చిత్రానికి పేరయ్యాయి. ట్రాము, మిల్లు, పేరు, మూడూ పోయినా పాట నిలిచింది. ఎందుకంటే అది ట్రాము గురించిన పాట కాదు. బతకడం కష్టమైన వూళ్లో బతకడం గురించిన పాట.

దర్బారు పాట, బజారు పాట

ప్రభుత్వాలు కూడా పాటలు ఎంచుతాయి. 2023లో మహారాష్ట్ర ప్రభుత్వం 'గర్జా మహారాష్ట్ర మాఝా'ను రాష్ట్రగీతంగా స్వీకరించింది. మన 'మా తెలుగు తల్లికి' కథ ఇంకా సొగసైనది. శంకరంబాడి సుందరాచారి దాన్ని 'దీనబంధు' అనే సినిమాకోసం రాస్తే, వారు తీసుకోలేదు. టంగుటూరి సూర్యకుమారి గ్రామఫోను రికార్డుకు పాడింది. ఆ గొంతులో ఇల్లిల్లూ తిరిగి, ఆ తర్వాతే అది రాష్ట్రగీతమైంది. అంటే జనం ముందు నోటికి ఎత్తుకున్నదాన్నే ప్రభుత్వం వెనక ముద్ర వేసింది.

కాని అటువంటి గీతంలో నదులుంటాయి, శిల్పాలుంటాయి, వీరులుంటారు, వీరనారులుంటారు. వుండవలసిందే. పండుగనాడు అమ్మ మెడలో దండ వేస్తాంగాని, పాతబాకీల చిట్టా విప్పం గదా! మిగిలిన మూడువందల చిల్లర రోజులకు మరో పాట కావాలి. అద్దె పెరిగిననాడు, రైలు తప్పిననాడు, జేబు కొట్టేసిననాడు పాడుకునే పాట. ఆ పాటను ఏ మంత్రివర్గమూ ఆమోదించలేదు. ఆమోదిస్తే వ్యాపారం పేరిట గొంతుకోసేవారి ప్రస్తావన ముందు కత్తిరించవలసి వస్తుంది. అది అనధికారంగా వుండటమే దాని అధికారం.

దుఃఖంనాడు

2006 జులై 11 సాయంత్రం, కచేరీలనుంచి జనం ఇళ్లకు పోయే వేళ, పశ్చిమ రైల్వే లోకల్ రైళ్లలో వరసగా బాంబులు పేలాయి. 180 మందికి పైగా చనిపోయారు. మర్నాడు పొద్దున్న ఆ దారిలోనే రైళ్లు మళ్లీ నడిచాయి, జనం ఎక్కారు. దీన్ని ధైర్యమని పత్రికలు రాశాయి. ఎక్కకపోతే జీతం కోస్తారు మహాప్రభో అని ఎక్కినవాళ్లు అన్నారు. రెండూ నిజమే.

ఆ పేలుళ్ల తర్వాతి బతుకుల మీద నిశికాంత్ కామత్ 2008లో ఒక చిత్రం తీశాడు. దానికి పెట్టిన పేరు 'ముంబయి మేరీ జాన్'. యాభై ఏళ్లకింద జేబుదొంగ వేషగాడు నవ్వుతూ అన్న మాట. అంత పెద్ద దుఃఖానికి పేరు పెట్టవలసి వచ్చినప్పుడు ఆ వూరికి వేరే మాట దొరకలేదు. హాస్యపు పాటలోని మాట ఇంత బరువు మోయగలదని దాన్ని రాసిన మజ్రూహ్ అనుకుని వుండడు. అప్పటికి ఆయన పోయి ఎనిమిదేళ్లయింది.

పొగడ్తపాటకు ఆ బరువు మోసే శక్తి వుండదు. చావుఇంట్లో "మీ ఇల్లు ఎంత బాగుందండీ" అంటే ఎలా వుంటుంది? మొదటినుంచీ కష్టం సంగతి దాచకుండా చెప్పిన పాట గనుకనే, కష్టం నిజంగా వచ్చిననాడు అది పక్కన కూర్చోగలిగింది.

ఈసారి రేడియోలో ఆ పాట వస్తే చివరిదాకా వినండి. చాలామంది రఫీ గొంతు వరకు విని, బాగుందని, తమ పనికి తాము పోతారు. గీతాదత్ అందుకునే ఆ నాలుగు మాటల దాకా ఆగండి. కష్టమన్నవాడు వూళ్లోనే వుండిపోవడానికి కారణం అక్కడ వుంది. సులువన్న ఆమెకు కష్టం తెలియక కాదు. పొద్దున్నే నీళ్లు పట్టేది ఆమే గదా!